కొండ అడవుల్లో ఊటలు, మేత భూముల స్థలాకృతి పటాలు: ధర్మాబాద్–కిన్వట్ ప్రాంతం

నిర్వచనం, పరిధి

ప్రభుత్వ అధీనంలో ఉన్న కొండ అడవుల్లో నీళ్లు ఎక్కడ ఊరుతున్నాయి, పశువులు ఏ గడ్డినేలల్లో మేస్తున్నాయి, ఈ రెంటి మధ్య ఎత్తుపల్లాలు, వాలు, దారులు ఎలా ఉన్నాయి అనే సంగతులను స్కేలు ప్రకారం కొలిచి గీసే పనిని ఊటల, మేత భూముల స్థలాకృతి సర్వే అంటారు. సాధారణ టోపోషీటు ఊటను ఒక గుర్తుగా, అడవిని ఒక రంగుగా చూపి ఊరుకుంటుంది. ఈ ప్రత్యేక పటం ఇంకో రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ ఊట ఏ నెల దాకా పారుతుంది? ఆ నీటిని నమ్ముకొని ఎన్ని పశువులు ఎంత దూరం మేయగలవు?

ఊట, మేత వేర్వేరు పటాల్లో ఉంటే కాపరికీ అటవీ అధికారికీ సగం సంగతే తెలుస్తుంది. నీళ్లు లేనిచోట గడ్డి ఎంత పెరిగినా ఎండకాలంలో మంద అటు వెళ్లదు. గడ్డి లేనిచోట ఊట ఉన్నా మంద అక్కడ నిలవదు.

భౌగోళిక నేపథ్యం

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా తూర్పు అంచున, సికింద్రాబాద్–మన్మాడ్ రైలుమార్గం మీద, గోదావరికి దగ్గరగా ఉన్న పట్టణం ధర్మాబాద్. ఎండుమిర్చి వ్యాపారానికి పేరున్న ఊరు. వీధుల్లో మరాఠీతో పాటు తెలుగు వినిపిస్తుంది. రాష్ట్ర సరిహద్దు దాటగానే తెలంగాణలోని బాసర వస్తుంది. పట్టణం చుట్టూ ఉన్నది సాగుభూమి. కొండ అడవి ఇక్కడ లేదు. అది ఉత్తరాన, నిర్మల్, ఆదిలాబాద్ కొండల నుంచి కిన్వట్, మాహుర్ తాలూకాల వరకు ఒకే గొలుసుగా సాగుతుంది. పైన్‌గంగ నది ఆ కొండలకు ఉత్తరపు హద్దు. ఇస్లాపూర్ దగ్గరి సహస్రకుండ్ జలపాతం, కిన్వట్ తాలూకాలోని ఉన్కేశ్వర్ వేడినీటి బుగ్గ, నదికి ఇరువైపులా విస్తరించిన పైన్‌గంగ అభయారణ్యం ఈ గొలుసులోని ప్రసిద్ధ స్థలాలు.

ఈ కొండలు ఒకప్పుడు ఒకే పాలన కింద, నిజాం హైదరాబాద్ రాజ్యంలో ఉండేవి. 1956 నవంబరు 1న అమలైన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో ఆదిలాబాద్ జిల్లా నుంచి కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ అప్పటి బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ధర్మాబాద్ నాందేడ్‌లోనే ఉండిపోయింది. నేటి పటాల సమస్యల్లో చాలావాటికి ఈ విభజనే మూలం (చూడు: ‘చట్టాలు, హక్కులు’, ‘పరిమితులు’).

గోదావరి మీద ధర్మాబాద్ తాలూకాలో కట్టిన బాబ్లీ బ్యారేజి గురించి తెలుగు పాఠకులకు బాగా తెలుసు. దాని మీద రెండు రాష్ట్రాల మధ్య నడిచిన వివాదంలో 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలన్న షరతు అప్పటి నుంచి అమల్లో ఉంది. పెద్ద నదికి దొరికిన ఈ శ్రద్ధలో పదో వంతు కూడా ఆ నదిలో కలిసే వాగులకు, ఒర్రెలకు, వాటికి పుట్టుక ఇచ్చే ఊటలకు దొరకలేదు.

సర్వేల చరిత్ర

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర ఆధార రేఖను కొలిచి మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే దక్షిణాది నుంచి ఉత్తరానికి సాగింది. 1815లో బీదర్ ప్రాంతంలోని దామర్‌గిద్ద దగ్గర మరో ఆధార రేఖను కొలిచారు. దాని తర్వాతిది 1825లో, ఎలిచ్‌పూర్ వైపున ఉన్న తాకల్‌ఖేడాలో, జార్జి ఎవరెస్ట్ హయాంలో జరిగింది. ఈ రెండు రేఖల మధ్య త్రిభుజాల వరుస గోదావరిని, ఆ పై కొండలను దాటవలసి వచ్చింది. ఈ భాగం పని నడుస్తుండగానే, హైదరాబాద్ నుంచి నాగపూర్‌కు వెళ్తూ లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. అంతకుముందు 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో ఎవరెస్ట్, అతని బృందం తీవ్ర జ్వరాల పాలై పని వదిలి వెనుదిరిగారు.

త్రికోణమితి సర్వేకు కావలసింది శిఖరం నుంచి శిఖరానికి చూపు. అందుకే ఈ ప్రాంతపు కొండ కొమ్ములన్నీ మొదట్లోనే లెక్కకు ఎక్కాయి. ఊటలు మాత్రం కొండ మడతల్లో, లోయల నీడలో ఉంటాయి. దూరదర్శిని కంటికి అవి అందవు. ఆ సర్వేతో పాటే తిరిగిన వైద్యుడు హెన్రీ వాయిసీ రాళ్లను పరిశీలించి హైదరాబాద్ ప్రాంతపు భూవిజ్ఞానం గురించి రాశాడు. నీరు ఏ రాతి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో శాస్త్రీయ పునాది అక్కడ పడింది.

1905 నాటి సర్వే కమిటీ సిఫారసు తర్వాత దేశమంతటా అంగుళానికి మైలు చొప్పున రంగుల టోపోషీట్లు తయారయ్యాయి. మెట్రిక్ పద్ధతి వచ్చాక వాటి స్థానంలో 1:50,000 స్కేలు షీట్లు వచ్చాయి. అటవీ శాఖలు సొంత అవసరాలకు మైలుకు నాలుగు అంగుళాల పటాలను వాడుతూ వచ్చాయి. కూపులు, హద్దు రాళ్లు, అగ్నిరేఖలు వాటిలో వివరంగా ఉంటాయి. కలప లెక్కకు పనికొచ్చేవన్నీ ఉన్నాయి; మంద నడిచే దారులకు చోటు తక్కువ.

అటవీ హద్దు గీత మనుషుల బతుకును ఎంతగా మార్చగలదో ఆదిలాబాద్ కొండలు 1940లో చూశాయి. పోడు మీద, పశువుల మేత మీద, వంటచెరకు మీద ఆంక్షలు పెరిగాయి. బంబ్రాం, దూపపెట్టి పేర్లతో శిస్తులు వసూలయ్యాయి. వీటికి ఎదురు తిరిగిన గోండు నాయకుడు కుమ్రం భీమ్ ఆ ఏడాదే జోడేఘాట్ దగ్గర నిజాం బలగాల కాల్పుల్లో మరణించాడు. ఆ తర్వాత ప్రభుత్వం పిలిపించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, రిజర్వు అడవుల గీతలు గోండు, కొలాం పల్లెలను ఎలా చెదరగొట్టాయో నమోదు చేశాడు. మేత హద్దును ఎవరు, ఎవరిని అడిగి గీస్తారన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదని చెప్పడానికి ఈ ప్రాంతం కంటే బలమైన ఉదాహరణ తెలుగు నేల మీద దొరకదు.

పటాల శ్రేణి

భారత సర్వేక్షణ సంస్థ పాత సంఖ్యా పద్ధతిలో 56వ షీటు 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాలను, 76 నుంచి 80 డిగ్రీల తూర్పు రేఖాంశాలను కలుపుకొని ఉంటుంది. ఇందులో ధర్మాబాద్, బాసర రెండూ 56 ఎఫ్/13లో పడతాయి. మాహుర్ 56 ఇ/13లోను, కిన్వట్ 56 ఐ/2లోను, ఆదిలాబాద్ 56 ఐ/10లోను ఉన్నాయి.

2005 జాతీయ పటాల విధానం షీట్లను రక్షణ శ్రేణి, బహిరంగ శ్రేణి అని రెండుగా విడదీసింది. బహిరంగ శ్రేణి యూటీఎం ప్రక్షేపాన్ని అనుసరిస్తుంది. ఇక్కడ ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. యూటీఎంలో 43, 44 మండలాలు కలిసే గీత సరిగ్గా 78 డిగ్రీల రేఖాంశం. ధర్మాబాద్, బాసర, మాహుర్ 43వ మండలంలో ఉంటే, కిన్వట్, ఆదిలాబాద్ 44లో ఉన్నాయి. ఒకే కొండగొలుసును రెండు మండలాల్లో కొలిచి, చూసుకోకుండా అతికిస్తే, ఊటలు వాటి వాగులను వదిలి ఎక్కడో తేలతాయి. సర్వే చేసేవారు ముందే ఒక మండలాన్ని ఎంచుకొని కొలతలన్నీ అందులోకి మార్చుకోవాలి.

టోపోషీటులో కాంటూరు రేఖలు గోధుమ రంగులో, నీటి జాడలు నీలంలో, అడవి ఆకుపచ్చలో, సాగునేల పసుపులో, ఊళ్లూ రోడ్లూ ఎరుపులో ఉంటాయి. ఏడాదంతా పారని వాగులను నలుపులో గీస్తారు. రిజర్వు అడవిని, రక్షిత అడవిని పొడి అక్షరాలతో గుర్తిస్తారు. దట్టమైన మిశ్రమ అడవి, పలుచని అడవి, పొదలు అనే మాటలు కూడా షీటు మీదే ఉంటాయి. అయితే ‘పలుచని అడవి’ అని రాసిన చోటే చాలాసార్లు మంచి మేత దొరుకుతుందన్న సంగతి ఆ పదంలో లేదు.

స్కేలు పరిమితి కూడా గమనించాలి. 1:50,000లో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. ఒక హెక్టారు గడ్డి మైదానం ఈ పటంలో రెండు మిల్లీమీటర్ల గడి. మీటరు వెడల్పున్న చెలమను గుర్తు లేకుండా చూపడం అసాధ్యం. ఊటల పనికి 1:10,000 లేదా అంతకంటే వివరమైన స్కేలు కావాలి.

ఊటల రకాలు

నాందేడ్ జిల్లాలో చాలా భాగం దక్కన్ ట్రాప్ బసాల్టు, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా పొరల పేర్పు. తూర్పు అంచున, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు, ఈ పొరల కిందినుంచి పాత గ్రానైటు, నైస్ రాళ్లు బయటపడతాయి. ఊటల తీరును ఈ రాళ్లే నిర్ణయిస్తాయి.

లావా పొర పైభాగం బుడగల గుల్లతో నీటిని పీల్చుకుంటుంది. దాని కింద గట్టి బసాల్టు గాని, రెండు పొరల మధ్య ఎర్రమట్టి పట్టీ గాని ఉంటే నీరు కిందికి దిగలేక పక్కకు నడిచి కొండవాలు మీద బయటికొస్తుంది. ఇది సంపర్క ఊట. ఒకే పొర నుంచి పుట్టిన సంపర్క ఊటలు దాదాపు ఒకే ఎత్తున వరుసగా ఉంటాయి కాబట్టి, రెండు మూడింటి ఎత్తు తెలిస్తే మిగిలినవాటిని కాంటూరు వెంట వెతకవచ్చు. ఈ కొండల్లో స్థలాకృతి పటం చేసే అతి విలువైన మేలు ఇదే.

రాతి పగుళ్ల వెంట వచ్చేవి పగులు ఊటలు. గ్రానైటు ప్రాంతంలో ఇవే ప్రధానం. భూగర్భజల మట్టాన్ని నేల పల్లం తాకినచోట పుట్టేవి పల్లపు ఊటలు; వాగు పడకల్లో జనం తవ్వుకునే చెలమలకు ఆధారం ఇవే. లోతు నుంచి వేడితో పైకొచ్చే నీటికి ఉన్కేశ్వర్ ఉదాహరణ. సున్నపురాతి గుహల ఊటలు ఈ ప్రాంతంలో కనిపించవు. వాటి కోసం తూర్పు కనుమల్లో గోస్తనీ నది పుట్టే బొర్రా గుహల దాకా వెళ్లాలి.

ప్రవాహాన్ని బట్టి ఊటలను ఎనిమిది తరగతులుగా విభజించే పద్ధతిని అమెరికా భూగర్భజల శాస్త్రవేత్త ఆస్కార్ మైన్‌జర్ 1923లో ప్రతిపాదించాడు. మొదటి తరగతి ఊట సెకనుకు 2.83 ఘనపు మీటర్లకు పైగా ఇవ్వాలి. దక్కన్ కొండల ఊటలు ఎక్కువగా కింది తరగతుల్లోకే వస్తాయి. ఆ కొలబద్ద మీద అల్పంగా కనిపించినా, మే నెలలో నిమిషానికి లీటరు ఇచ్చే బుగ్గ ఒక గూడెం పశువులను నిలబెడుతుంది.

మేత భూముల రకాలు

మహారాష్ట్రలో గ్రామానికి చెందిన ఉచిత మేత భూమిని గాయరాన్ అంటారు. 1966 భూమి శిస్తు స్మృతి 22వ సెక్షను కింద దీన్ని కేటాయిస్తారు. తెలంగాణలో దీనికి దగ్గరది బంచరాయి. గడ్డిని కోతకు కాపాడే నేల మరాఠీలో కురణ్. ఇవన్నీ రెవెన్యూ భూములు. అటవీ భూమిలోని మేత వీటికి భిన్నం: అక్కడ నేల అటవీ శాఖది, మేత అనుమతి గానీ హక్కు గానీ మాత్రమే.

గడ్డిజాతుల పరంగా దక్కన్ పీఠభూమి సెహిమా–డైకాంథియం తరహా గడ్డినేలల కిందికి వస్తుంది. కొండ మీది పలుచని మట్టిలో సెహిమా, పల్లపు నల్లనేలలో డైకాంథియం ప్రధానం. వీటిని మేసేవి ఈ నేలకు అలవాటుపడిన జాతులు: నాందేడ్ జిల్లా కంధార్ పేరు మీద వచ్చిన ఎర్ర కంధారి పశువులు, దేవణి పశువులు, ఉస్మానాబాదీ మేకలు, దక్కనీ గొర్రెలు. మేపేవారిలో గోండులు, కొలాంలు, ఆంధ్‌లు, బంజారాలు, మథురా లంబాడీలు, ధన్‌గర్లు, గొల్ల కురుమలు ఉన్నారు. వీరిలో కొందరి మేత ఊరి చుట్టూనే సాగుతుంది. మరికొందరు పంట కోతల తర్వాత, వానలను బట్టి ఊళ్లు దాటి వెళ్తారు. రెండో రకం మేత ఒకే తేదీన గీసిన పటంలో ఇమడదు.

సర్వే విధానం

ఇంటి దగ్గర మొదటి పని టోపోషీటును, ఉపగ్రహ చిత్రాన్ని, ఎత్తుల నమూనాను ఒకదాని మీద ఒకటి పరచడం. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు, 2005 మేలో ఇస్రో ప్రయోగించిన కార్టోశాట్–1 నుంచి వచ్చిన ఎత్తులు సుమారు 30 మీటర్ల వివరంతో దొరుకుతాయి. కార్టోశాట్ ఎత్తుల నమూనాను హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం నడిపే భువన్ ద్వారా పొందవచ్చు. సెంటినెల్–2 చిత్రాలు 10 మీటర్ల వివరంతో, అయిదేసి రోజులకు ఒకసారి వస్తాయి. ఎండిన కొండ మీద ఏప్రిల్ నెలలోనూ పచ్చగా నిలిచిన మచ్చ కనిపిస్తే అక్కడ తేమ ఉందని అనుమానించవచ్చు. అది ఊటేనని చెప్పాలంటే నడిచి వెళ్లాల్సిందే. చెట్ల గొడుగు కింద జీపీఎస్ కూడా కొన్ని మీటర్లు తప్పుతుంది.

కొండ మీద అసలు మార్గదర్శి కాపరి. ఏ బుగ్గ ఎప్పుడు ఎండుతుందో, ఏ దారిలో మంద ఎక్కుతుందో, ఎక్కడ చిరుత భయమో అతనికి తెలుసు. ఆ మాటలను నమోదు చేశాక ఊట దగ్గర స్థానం, ఎత్తు, రాతి రకం, నీటి ఉష్ణోగ్రత, విద్యుద్వాహకత, ప్రవాహం కొలుస్తారు. ప్రవాహానికి ఒక పాత్ర, ఒక గడియారం చాలు. పది లీటర్ల పాత్ర 40 సెకన్లలో నిండితే నిమిషానికి 15 లీటర్లు, రోజుకు 21,600 లీటర్లు. వేసవిలో పెద్ద పశువు రోజుకు 40 లీటర్లు తాగుతుందనుకుంటే 540 తలలకు సరిపోతుంది. అదే ఊట మే నెలలో నిమిషానికి ఒక లీటరుకు తగ్గితే 36 తలలకే చాలుతుంది. అందుకే వానల తర్వాత, చలికాలంలో, నడి ఎండల్లో కనీసం మూడుసార్లు కొలవాలి. ఒక్కసారి కొలిచి గీసిన పటం, ముఖ్యంగా అక్టోబరులో గీసింది, మేత నిర్ణయాలను తప్పుదారి పట్టిస్తుంది.

వాలును కాంటూరుల నుంచి లెక్కగడతారు. 20 మీటర్ల అంతరం ఉన్న షీటులో రెండు రేఖల మధ్య దూరం ఒక మిల్లీమీటరయితే నేల మీద 50 మీటర్లకు 20 మీటర్ల ఎక్కుడు, అంటే 40 శాతం వాలు. పెద్ద పశువులు అలాంటి చోటికి వెళ్లడానికి ఇష్టపడవు, మేకలు వెళ్తాయి. నాలుగు మిల్లీమీటర్లయితే పది శాతమే, అన్నిటికీ సుగమం.

నీటి చుట్టూ మేత ఒత్తిడి వలయాలుగా పరుచుకుంటుందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఆర్.టి. లాంగే 1969లో వివరించి, ఆ వలయ మండలానికి పయోస్ఫియర్ అని పేరు పెట్టాడు. ఊటకు ఆనుకొని గడ్డి అరిగిపోయి, పేడ, గిట్టల దారులు దట్టమై, దూరం వెళ్లేకొద్దీ గడ్డి కోలుకుంటుంది. ఈ వలయాలను గీయడమే ఊట పటాన్ని, మేత పటాన్ని ఒకటి చేసే పని.

ఊట నీరు పడే చోటు ఒకటి, దానికి నీరు ఇంకే చోటు మరొకటి. ఇంకుడు ప్రాంతం కొండ అవతలి వాలు మీద కూడా ఉండవచ్చు. లావా పొరలు ఏ పక్కకు వాలి ఉన్నాయో చూసి దాన్ని గుర్తించి, పటంలో వేరే గీతతో చూపుతారు.

చట్టాలు, హక్కులు

మహారాష్ట్ర అడవులకు 1927 నాటి భారత అటవీ చట్టం, తెలంగాణ అడవులకు 1967 నాటి అటవీ చట్టం వర్తిస్తాయి. అంటే ఒకే కొండకు రెండు చట్టాలు. 1927 చట్టం 14వ సెక్షను ప్రకారం సెటిల్‌మెంటు అధికారి మేత హక్కుదారు పేరుతో పాటు పశువుల సంఖ్యను, రకాన్ని, మేపే కాలాన్ని రాయాలి. చట్టంలో కాలం ఉంది, పటంలో లేదు. 25వ సెక్షను రిజర్వు అడవిలోని దారిని గాని నీటి కాలువను గాని మూసే అధికారం అటవీ అధికారికి ఇస్తుంది. ప్రత్యామ్నాయం ఉండాలన్నది షరతు. ఏది ప్రత్యామ్నాయమో తేల్చాలంటే మళ్లీ పటమే కావాలి. వన్యప్రాణి చట్టం జాతీయ ఉద్యానాల్లో మేతను పూర్తిగా నిషేధించింది, అభయారణ్యాల్లో నియంత్రణకు లోబడి ఉంచింది.

2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) సెక్షను స్థిర, సంచార మేత రెంటినీ, నీటి వనరుల ఉత్పత్తుల వినియోగాన్నీ సాముదాయిక హక్కులుగా గుర్తించింది. ఆ చట్టం నియమాలు సంప్రదాయ మేత స్థలాలను, మనుషులూ పశువులూ వాడే నీటి వనరులను హక్కుకు సాక్ష్యంగా అంగీకరిస్తాయి. సంచార కాపరుల దావాలను వారు అక్కడ ఉన్న సమయంలోనే పరిశీలించాలని కూడా అంటాయి. ఊట–మేత పటానికి ఇంత స్పష్టమైన చట్టబద్ధ ప్రయోజనం అంతకుముందు లేదు. గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామం 2009లో సుమారు 1,800 హెక్టార్లపై సాముదాయిక అటవీ హక్కు పొందిన తొలి గ్రామాల్లో ఒకటి.

గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. గాయరాన్, బంచరాయిల హద్దులను పటాల్లో నిలపాల్సిన అవసరం దానితో పెరిగింది.

ఇతర ప్రాంతాల్లో

స్విట్జర్లాండ్‌లో 1845 నుంచి 1865 వరకు వెలువడిన డ్యూఫోర్ పటం ఆల్ప్స్ పర్వతాలను 1:100,000 స్కేలులో చూపింది. అమెరికా జాతీయ అడవుల్లో 1906 నుంచి మేతకు రుసుముతో అనుమతులు ఇస్తున్నారు. కేటాయించిన ప్రతి మేత ఖండానికి నీటి వనరులు, కంచెలతో పటం ఉంటుంది. భారతదేశంలో సిక్కిం 2008లో ధారా వికాస్ పేరుతో ఊటల పునరుద్ధరణ చేపట్టి వాటి జాబితా తయారు చేసింది. దేశంలో సుమారు 50 లక్షల ఊటలు ఉండవచ్చని, అందులో 30 లక్షల దాకా హిమాలయాల్లోనేనని నీతి ఆయోగ్ 2018 నివేదిక అంచనా. ఆ నివేదిక చూపు హిమాలయాల మీద ఉంది. దక్కన్ కొండల ఊటల గణన ఇంకా తొలి మెట్ల మీదే ఉంది.

పరిమితులు

టోపోషీట్లు పాతబడతాయి. చెరువు పూడినా, ఊట మాయమైనా, లాంటానా పొద గడ్డినేలను కమ్మినా షీటు పాత మాటే చెబుతుంది. బోర్లు పెరిగిన చోట పల్లపు ఊటలు ముందుగా తగ్గుతాయి. భూప్రాదేశిక సమాచారంపై 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు, 2022 జాతీయ భూప్రాదేశిక విధానం తర్వాత పటాల తయారీకి అనుమతుల బెడద చాలా తగ్గింది. గ్రామసభలు, కళాశాలలు సొంతంగా పటాలు చేసుకోవడం తేలికైంది.

మరోవైపు అన్నీ బహిరంగం చేయడం మంచిది కాదు. ఎండకాలంలో మిగిలిన ఒకే నీటి గుంట దగ్గరికి పులి కూడా వస్తుంది. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ వంటి చోట్ల అలాంటి గుంటల కచ్చితమైన స్థానాలు వేటగాళ్ల చేతిలో పడితే ప్రమాదం. గ్రామసభ వాడే పటంలో ఆ వివరాన్ని ఉంచి, ముద్రిత ప్రతిలో తీసేయడం ఒక మార్గం.

రాష్ట్ర సరిహద్దు దగ్గర పని మరీ కష్టం. నాందేడ్ అటవీ పటం తెలంగాణ గీత దగ్గర ఆగుతుంది, ఆదిలాబాద్, నిర్మల్ పటాలు ఇటువైపు ఆగుతాయి. ఒక వైపు గాయరాన్, మరో వైపు బంచరాయి. ఒక వైపు మరాఠీ పేర్లు, మరో వైపు తెలుగు, గోండి పేర్లు. ఇరువైపులా ఒకే గుర్తుల పట్టిక, ఒకే యూటీఎం మండలం, ప్రతి ఊటకూ వాడుకలో ఉన్న పేర్లన్నీ, మూడు కాలాల కొలతలు ఉంటేనే ఈ పటాలు అతుకుతాయి.